బంపర్ వెనకాల

మా బండి స్విఫ్ట్ డిజైర్. 2013లో తయారైన డీజిల్ ఎల్‌డిఐ, తెల్ల రంగు, పసుపు నంబరు ప్లేటు. ఫైనాన్సు మీద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. విజయవాడలో మా ఆయన దాన్ని నడిపితేనే మాకు నెల గడుస్తుంది. నేను ఇంటి దగ్గర జాకెట్లు కుడతాను. ఆ డబ్బు పిల్లల ఫీజులకూ కరెంటు బిల్లుకూ సరిపోతుంది, బండి వాయిదాకు చాలదు. ఇప్పుడు చెప్పబోయేది ఆ బండికి ముందు బంపర్ మార్పించడానికి మేం పడ్డ అవస్థ. బంపర్ అంటే ఓ ప్లాస్టిక్ ముక్కే కదా అని మాతో చాలామంది అన్నారు. ఆ ముక్క సరిగ్గా కూర్చోకపోతే ఏమవుతుందో కళ్లారా చూశాను కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

వానాకాలం. మా ఆయన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో పార్టీని దింపి రాత్రికి రాత్రే ఖాళీ బండితో వెనక్కి వస్తున్నారు. 65వ నంబరు హైవే మీద నందిగామ దాటి కంచికచర్ల వైపు వస్తుంటే డివైడర్ సందులోంచి గేదె అడ్డం వచ్చింది. బ్రేకు వేశారు. తడి రోడ్డు మీద బండి జారింది. కుడివైపు ముందు భాగం గేదెను రాసుకుని, అదే ఊపులో డివైడర్ రాయిని కొట్టింది. స్టీరింగ్ కింద ఆయన కుడి మోకాలు గుద్దుకుంది. గేదె లేచి వెళ్లిపోయింది. ఈయన లేవలేకపోయారు. వెనకాల వస్తున్న లారీ డ్రైవరు ఒకాయన బండి ఆపి, 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా పక్కనే నిలబడ్డాడట. ఆయన ఎవరో మాకు తెలియదు. ఆయన చల్లగా ఉండాలి.

మోకాలి చిప్ప రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేసి తీగతో బిగించారు. కాలు చాపే ఉంచాలి, వంచకూడదు, నెలల తరబడి బండి మాటే ఎత్తకూడదు అన్నారు. నా గొలుసు బ్యాంకులో పెట్టాం. బండికి ఇన్సూరెన్సు ఉంది గానీ అది థర్డ్ పార్టీ మాత్రమే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి బండికీ అది ఉండి తీరాలి. ఎదుటివాడికి నష్టం జరిగితే అది కడుతుంది. మన బండి మనమే డివైడర్‌కు కొట్టుకుంటే పైసా రాదు. ఏళ్లు పైబడ్డ బండికి పూర్తి ఇన్సూరెన్సు కట్టే స్తోమత మాలాంటి వాళ్లకు ఉండదు.

దీని మీద ఎఫ్‌సి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు వచ్చి కూర్చుంది. టాక్సీ బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయిస్తే చాలు. ఎనిమిదేళ్లు దాటాక ఏటా చేయించాలి. బంపర్ లేకుండా, లైటు ఊగుతూ ఉన్న బండిని ఎఫ్‌సికి తీసుకెళ్లలేం. ఎఫ్‌సి లేని బండిని అద్దెకు తిప్పలేం. మా మరిదికి డ్రైవింగ్ వచ్చు, లైసెన్సు ఉంది. అన్న కాలు బాగయ్యేదాకా నేను తిప్పుతాను వదినా, ముందు బండిని రోడ్డెక్కించు అన్నాడు. ఆ పని నా మీద పడింది.

ఇంటికి దగ్గర్లోని టింకరింగ్ షెడ్డుకు బండిని లాక్కొచ్చాం. కుడి మడ్‌గార్డు సొట్ట తీశారు. రేడియేటరు లీకు అతికారు. కుడి హెడ్‌లైటు మార్చారు. బంపర్ మాత్రం కుడివైపు చీలిపోయి సగం వేలాడుతోంది. దాన్ని అతకడం దండగ, పాతది ఒకటి ఒరిజినల్ చూసి తెచ్చుకోండి అన్నాడు ఆ మేస్త్రీ. మాట సబబే. కొత్తది కంపెనీదైతే ఖరీదు, రంగు మళ్లీ మనమే వేయించుకోవాలి. కొత్తదే డూప్లికేట్ అయితే చవక, కానీ పలచగా ఉండి రెండు ఎండాకాలాలకే అలలు తేలుతుంది. ఏ బండి నుంచో విప్పిన కంపెనీ పీసు దొరికితే డూప్లికేట్ కన్నా మంచిదే. ఇది నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. పాత సామాను కొనడంలో తప్పేం లేదు. కష్టమంతా అది ఏ బండిదో తెలుసుకోవడంలో ఉంది.

డిజైర్ అనే పేరుతో ఎన్ని ముఖాలు వచ్చాయో ఆ తర్వాతే నాకు తెలిసింది. మొదటిది 2008లో వచ్చింది, నాలుగు మీటర్లకు పైన పొడవు. 2012లో రెండోది వచ్చింది. పన్ను తగ్గుతుందని డిక్కీ కుదించి పొడవును 3995 మిల్లీమీటర్లకు తెచ్చారు. మాది అదే. 2015లో ఆ బండికే ముఖం మార్చారు. గ్రిల్లు వేరు, బంపర్ వేరు, ఫాగ్ లైట్ల చుట్టూ ఉండే చట్రం వేరు. 2017లో మొత్తం బండే మారిపోయింది. వెనకటి ఆకారాన్ని మాత్రం టూర్ అనే పేరుతో టాక్సీల కోసం అమ్ముతూ వచ్చారు. అంటే రోడ్డు మీద తిరిగే ‘పాత డిజైర్’లలోనే బంపర్లు ఒకదానికొకటి కుదరవు. మాలాంటి వాళ్ల కంటికి రెండూ తెల్ల డిజైర్లే.

ఆటోనగర్‌కు నేనూ మా మరిదీ వెళ్లాం. లారీ బాడీలు కట్టే వీధులు దాటాక పాత సామాను కొట్లు వరుసగా ఉంటాయి. తలుపులు ఒక గోడకు, డిక్కీ డోర్లు ఒక గోడకు, బంపర్లు ఇనప రాడ్ల మీద ఒకదాని మీద ఒకటి. వాన నీళ్లు వాటిలో నిలిచి ఉన్నాయి. ఒక కొట్లో ఆర్‌సి చూపించాను. తయారైన నెల, ఏడాది దాని మీదే ఉంటాయి. “అన్నా, ఇది 2013ది. దీనికి సరిపోయేదే ఇవ్వండి” అన్నాను. ఆయన ఆర్‌సి వైపు చూడనైనా లేదు.

“డిజైర్ బంపర్ అంటే డిజైర్ బంపరేనమ్మా, సేమ్ టు సేమ్. కళ్లు మూసుకుని తీసుకెళ్లు. తేడా వస్తే నాది పూచీ.”

రెండు వేల రెండొందలకు బేరం కుదిరింది. చీటీ రాసివ్వమంటే ‘బంపర్ 1’ అని రాసిచ్చాడు. మోడలు రాయమంటే, రోజూ చూసే మొహాలమే కదా చెల్లెమ్మా అన్నాడు. అంతకు ముందు నేను ఆయన మొహం చూసి ఎరగను.

షెడ్డు మేస్త్రీ దాన్ని బండి మీద ఒక్కసారి కూడా పెట్టి చూడకుండా ముందు పెయింటరు దగ్గరికి పంపించాడు. పెయింటరు ఖాళీగా ఉన్నాడట, రేపు ఉండడట. రంగు ఆరాక బిగించడం మొదలుపెట్టారు. ఎడమవైపు మడ్‌గార్డుకూ బంపర్‌కూ మధ్య నా చిటికెన వేలు దూరేంత సందు. కుడివైపు గోరు కూడా దూరనంత బిగువు. లైటు కింద ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం. గ్రిల్లు తన చోట కూర్చోనంటోంది. “ఇదేంటి మేస్త్రీ, రెండు పక్కలా ఒకలా లేదు” అంటే, “పాత సామాను అంతేనమ్మా, లాగితే వస్తుంది” అన్నాడు. హీట్ గన్‌తో కాల్చి మెత్తబరిచి కుడి చివరను లాగాడు. ఆ పక్క బంపర్ చివర పట్టుకునే ప్లాస్టిక్ బ్రాకెట్ ప్రమాదంలోనే విరిగిపోయింది, కొత్తది వేయలేదు. దాని బదులు మడ్‌గార్డు రేకులోకి మూడు సెల్ఫ్ స్క్రూలు దింపాడు. గ్రిల్లు రెండు చెవులు కోసేశాడు. “బ్రాకెట్ లేకుండా ఆగుతుందా?” అని నేను అడిగాను, మా మరిదీ అడిగాడు. “బస్సుకు కట్టి లాగినా రాదు” అన్నాడు. డబ్బు తీసుకున్నాడు.

అదే వారంలో మా ఆయనకు మోకాలు మళ్లీ వాచింది. లోపల తీగ కదిలిందేమో, హైదరాబాద్‌లో ఇంకో డాక్టరుకు చూపించండి అన్నారు. బండి ఇంట్లో ఉండగా అద్దెకు ఎక్కడ తెస్తాం? వెనక సీటు మీద దిండ్లు పరిచి ఆయన్ను అడ్డంగా కూర్చోబెట్టాం. వీపు తలుపుకు ఆనించి, కాలు సీటు పొడవునా చాపించి, దొర్లకుండా రెండు పక్కలా దుప్పట్లు చుట్టి పెట్టాను. మా మరిది స్టీరింగ్ దగ్గర, నేను ముందు సీట్లో. తెల్లవారుజామునే బయల్దేరాం.

జగ్గయ్యపేట చేరకముందే సన్నగా ఈల లాంటి చప్పుడు మొదలైంది. అద్దం సరిగ్గా ఎక్కలేదేమో అనుకుని మా మరిది అద్దాలన్నీ ఎక్కించాడు. తగ్గలేదు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర దిగి ముందు భాగం చూశాడు. అంతా ఉన్నచోటే ఉంది. కోదాడ దాటాం. మునగాల దాటాక ప్రైవేటు బస్సు ఒకటి మమ్మల్ని దాటి రయ్యిమని పోయింది. ఆ గాలి తగలగానే కుడివైపు టపటపమని కొట్టుకోవడం, వెంటనే ఫట్ మని ఒక శబ్దం. బానెట్ మీదుగా తెల్లటిది రెక్కలాగా లేచింది. కన్ను ఆర్పేలోపు కిందికి పోయింది. స్టీరింగ్ మా మరిది చేతుల్లోంచి కుడికి గుంజుకుంది. బండి కింద ఏదో నలుగుతున్న మోత, దానితో పాటు రబ్బరు మాడుతున్న కంపు.

వెనక లారీ హారన్ ఆపకుండా కొడుతోంది. మా మరిది ఒక్కసారిగా తొక్కకుండా, కొంచెం కొంచెంగా బ్రేకు నొక్కుతూ ఎడమకు తెచ్చాడు. అతను ఎంత నిదానంగా తొక్కినా వెనక సీట్లో మా ఆయన ఆగలేకపోయారు. దిండ్లతో సహా జారారు. కాలు సీటు మీంచి పడి, ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య సందులోకి మడత పడింది. ఆయన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన నోట అలాంటి కేక నేను వినలేదు.

బండి మార్జిన్‌లో ఆగింది. నేను దిగి వెనక తలుపు తీశాను. ఆయన మొహం చెమటతో తడిసిపోయింది. “కాలు ముట్టుకోకు, ముట్టుకోకు” అంటున్నారు. నడుం కింద చేతులు పెట్టి, ఆయన్నే చేతుల మీద బరువు ఆనించమని, అంగుళం అంగుళంగా పైకి జరిపాను. కాలు నిటారుగా చేయడానికి ఎంతసేపు పట్టిందో నాకు గుర్తు లేదు. లారీలు పోయినప్పుడల్లా బండి ఊగుతోంది, ఊగినప్పుడల్లా ఆయన పళ్లు బిగిస్తున్నారు.

ముందు మా మరిది నేల మీద పడుకుని చూస్తున్నాడు. బంపర్ కుడి సగం టైరు కిందకు పోయి, మడతపడి, ఇంజను కింది గొట్టాలకు చిక్కుకుంది. టైరు పైనుండే నల్ల ప్లాస్టిక్ తొడుగు కూడా దానితో పాటే ఊడొచ్చింది. రేకులోకి దింపిన మూడు స్క్రూల్లో ఒకటి బంపర్ చివరనే ఉండిపోయి, టైరు పక్క గోడ మీద గుండ్రంగా గాడి కోసింది. ఆ గాడిలో వేలు పెడితే లోపలి దారాలు తగిలాయి. ఇంకో కిలోమీటరు పోయి ఉంటే టైరు పేలేది.

ముడుచుకున్న ప్లాస్టిక్ లాగితే రావడం లేదు. రోడ్డు పక్కన కొబ్బరిబోండాలు అమ్మే ఆయన చూసి, తన కత్తి పట్టుకుని వచ్చాడు. బండి జాకీ మీద లేపి, ఆ కత్తితో ముక్కలు ముక్కలుగా కోశారు. టైరు విప్పి స్టెప్నీ వేశారు. ఆ ముక్కల్ని అక్కడే పారేద్దామంటే, వెనక సీట్లోంచి మా ఆయన “ఒక్క ముక్క కూడా వదలకండి, పైన కట్టండి” అన్నారు. ఆ నొప్పిలో కూడా ఆయన ఆలోచన అది. మొదటి ప్రమాదం అప్పుడు విరిగిన పాత బంపర్ ముక్కలు కూడా ఆయన చెబితేనే మేడ మీద దాచాను. ఆ రెండు మూటల విలువ తర్వాత తెలిసింది.

హైదరాబాద్ చేరేసరికి చీకటి పడింది. తీగ కొద్దిగా కదిలింది, మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదు గానీ ఇంకో రెండు నెలలు కాలు కింద పెట్టకూడదు అన్నారు. అది మొదటే కదిలిందో, మునగాల దగ్గర కదిలిందో ఏ డాక్టరూ చెప్పలేడు. నా మనసుకు తెలుసు.

తిరిగొచ్చాక ఆటోనగర్‌లోనే వేరే వీధిలో ఒక పెద్ద సాయిబు గారున్నారని మా ఆయన తోటి డ్రైవర్లు చెప్పారు. డెబ్బై ఏళ్ల మనిషి, చెవి కొంచెం మందం. ముందు బంపర్ గురించి అడగనే లేదు. బానెట్ ఎత్తించి, టేపు కావాలన్నారు. నా సంచిలో కుట్టుపని టేపు ఎప్పుడూ ఉంటుంది. తీసిచ్చాను. “పట్టుకో అమ్మా” అని ఒక కొస నాకే ఇచ్చారు. ఎడమ షాక్ అబ్జార్బరు పైన ఉండే బోల్టు నుంచి కుడి హెడ్‌లైటు బోల్టు దాకా కొలిచారు. తర్వాత కుడి షాక్ అబ్జార్బరు బోల్టు నుంచి ఎడమ హెడ్‌లైటు బోల్టు దాకా. మూల నుంచి మూలకు తీసిన ఆ రెండు కొలతలూ ఒక్కటే రావాలి. రెండింటికీ ముప్పాతిక అంగుళం తేడా వచ్చింది. మళ్లీ కొలిపించారు. అంతే వచ్చింది.

తర్వాత కిందికి వంగి టార్చిలైటు వేసి చూపించారు. బంపర్ వెనకాల, రేడియేటరును పట్టుకుని ఉండే ఇనప చట్రాన్ని వాళ్లు షో అంటారు. అది ఎడమకు ఒరిగి ఉంది. దాని వెనక చాసిస్ కొమ్ము కుడివైపుది లోపలికి వంగింది. వంగిన చోట రంగు చిన్న చిన్న పెచ్చులుగా లేచి, మడతలో సన్నటి తుప్పు గీత. మొదటి షెడ్డు మేస్త్రీ మడ్‌గార్డు సొట్ట తీసి పైన మెరుగు పెట్టాడు, దీన్ని ముట్టుకోలేదు. “ఈ బండికి కంపెనీ నుంచి డబ్బా విప్పని కొత్త బంపర్ తెచ్చినా కూర్చోదు” అన్నారు సాయిబు గారు. నాకు వెంటనే అర్థమైంది. ఒక భుజం దిగిన మనిషికి మామూలు కొలతతో జాకెట్ కుడితే ఒక పక్క వదులు, ఒక పక్క పట్టేస్తుంది. గుడ్డను ఎంత లాగినా ప్రయోజనం ఉండదు. ఎడమన చిటికెన వేలు దూరే సందు, కుడివైపు గోరు దూరని బిగువు అంటే అదే. బండి తన జబ్బు తానే చెప్పింది. మేం అడిగాం కూడా. వినాల్సిన మనిషి వినలేదు.

నేలలో పాతిన ఇనప స్తంభానికి చైన్ పుల్లీ కట్టి కొమ్మును లాగారు. ఒకేసారి కాదు. కొంచెం లాగడం, టేపు పెట్టడం, వదలడం, ఎంత వెనక్కి పోయిందో చూడడం, మళ్లీ లాగడం. ఇనుము లాగినంతా ఉండదమ్మా, వదిలేస్తే కొంత తన పాత చోటికి పోతుంది, అందుకే కావలసినదాని కన్నా కొంచెం ఎక్కువ లాగాలి అన్నారు. రెండు మూలల కొలతలూ ఒక్కటయ్యేదాకా ఆయన టీ కూడా తాగలేదు. పని అంటే అది.

అప్పుడు బంపర్ మాట ఎత్తారు. మేం మోసుకెళ్లిన రెండు మూటలూ నేల మీద పరిచారు. ఒకటి మా బండి సొంత బంపర్, రెండోది కొని కోసిన బంపర్. పక్కపక్కన పెడితే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. గ్రిల్లు కూర్చునే నోరు వెడల్పు వేరు, లైటు కింది వంపు వేరు, ఫాగ్ లైటు గుంట ఆకారం వేరు. ముక్కను తిప్పి లోపలివైపు తడిగుడ్డతో తుడిచారు. ప్లాస్టిక్‌లోనే పోతపోసిన గుర్తులు బయటపడ్డాయి. రూపాయి బిళ్లంత చక్రం, దాని చుట్టూ ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు, మధ్యలో బాణం, బాణానికి రెండు పక్కలా 1, 6. అచ్చులో పోసిన నెలా ఏడాదీ అవే. అంటే 2016లో పోసింది, ముఖం మార్చాక వచ్చిన బండిది. మా సొంత బంపర్ ముక్క మీద అదే చోట 13 ఉంది. అయితే ఆ తేదీ ఒక్కటీ చూసి నిర్ణయించకూడదని సాయిబు గారే అన్నారు. పాత మోడలుకు స్పేరుగా తర్వాతి ఏళ్లలో పోసినవి కూడా ఉంటాయి. పార్టు నంబరు కూడా కనిపిస్తే చూసుకోవాలి. మారుతి వాళ్ల ముందు బంపర్ నంబరు 71711తో మొదలవుతుంది, వెనకది 71811తో. వాటి తర్వాత వచ్చే అక్షరమూ అంకెలూ ఏ మోడలో చెబుతాయి. నంబరు చెరిగిపోయి ఉంటే పాత బంపర్‌ను కొనబోయేదాని మీద బోర్లించి చూడటమే అన్నిటి కన్నా నమ్మకమైన పరీక్ష.

పాత బంపర్ కుడి సగాన్ని ఆటోలో వేసుకుని ఆ కొట్లన్నీ తిరిగాను. కొందరు విసుక్కున్నారు. ఇంత పరీక్ష పెడితే బేరం ఎట్లా అన్నారు. ఒక కుర్రాడు మాత్రం ఓపికగా బంపర్లన్నీ దింపి చూపించాడు. మొదటిది వంపులన్నీ కలిసింది గానీ పై అంచు మీద రెండు చెవులు విరిగి ఉన్నాయి. క్లిప్పు దిగేది ఆ చెవిలోనే. చెవి లేకపోతే బంపర్‌కు పట్టు లేదు. ఇంకోదానికి చెవులన్నీ ఉన్నాయి, కానీ వేలితో మెల్లగా వంచితే ఒక చెవి మొదట్లో తెల్లటి గీత తేలింది. అది విరగడానికి సిద్ధంగా ఉందన్నమాట. మరోదాన్ని గోటితో కొట్టుకుంటూ పోతే ఒక చోట చప్పుడు మారింది. వెనక్కి తిప్పితే చీలికను కరిగించి, లోపల తీగ పిన్నులు పెట్టి అతికి, పైన లప్పం పట్టించి ఉంది. అలా అతికింది పనికిరాదని కాదు. నడిమధ్యన అయితే ఆగుతుంది. కుడి ఎడమ చివర్లలో, చెవుల దగ్గర అతికింది మాత్రం తీసుకోకూడదు. గాలి పట్టుకునేది అక్కడే.

చివరికి దొరికింది నీలం రంగుది. వెనక 12 ఉంది, చెవులన్నీ ఉన్నాయి. ఫాగ్ లైట్లున్న బండి నుంచి వచ్చింది కాబట్టి ఆ గుంటలు ఖాళీగా ఉన్నాయి. మా ఎల్‌డిఐకి ఫాగ్ లైట్లు లేవు, మా పాత బంపర్ మూతలు విప్పి వేస్తే సరిగ్గా కూర్చున్నాయి. బ్రాకెట్లు రెండు పక్కలకీ కొత్తవి కొన్నాం, క్లిప్పులు కూడా. రెండూ కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. ఆ బ్రాకెట్ మొదటిసారే వేసి ఉంటే మునగాల దగ్గర మా ఆయన అరిచేవారు కాదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఈ లోపల తెలిసినవాళ్లు ఒకరు, ముందు ఇనప గార్డు ఒకటి బిగించండి, బంపర్ ఎట్లా ఉన్నా కనపడదు అని సలహా ఇచ్చారు. అలాంటి గార్డులు పెట్టుకున్న బండ్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. బండి ఆకారం మార్చడాన్ని అడ్డుకునే 52వ సెక్షన్ కిందికి అది వస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఇనుము గుద్దితే నడిచిపోయే మనిషి బతకడు. ప్లాస్టిక్ బంపర్ నలిగి కొంత దెబ్బ తాను తీసుకుంటుంది. నేను వద్దన్నాను.

నీలం బంపర్‌ను రంగు వేయకుండానే బండి మీద పెట్టించాను. క్లిప్పులన్నీ వేసి, బ్రాకెట్లలో దూర్చి, గ్రిల్లు కూర్చోబెట్టి, బానెట్ మూసి తెరిచి, హెడ్‌లైటు కింద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు రాసి చూశాను. రెండు పక్కలా ఒకటే సందు. ఎక్కడా కాల్చలేదు, లాగలేదు, ఒక్క కొత్త రంధ్రం కూడా వేయలేదు. చక్రాలు పూర్తిగా ఆ వైపూ ఈ వైపూ తిప్పించి టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో చూశాం. సాయిబు గారు రెండు చేతులతో కుడి చివర పట్టుకుని గట్టిగా గుంజారు. కదల్లేదు. ఆ తర్వాతే విప్పి పెయింటరుకు ఇచ్చారు. ఒకసారి రంగు పడితే ఏ కొట్టువాడూ వెనక్కి తీసుకోడు కాబట్టి ఈ వరస తప్పకూడదు. తొందరలో ఉన్నాను, పెయింటరు దొరకడు అని ఎవరు ఎంత చెప్పినా సరే.

ఎఫ్‌సి అయింది. లైట్ల వెలుగు ఎక్కడ పడుతోందో చూశారు, బ్రేకు చూశారు, ముందు భాగం తట్టి చూశారు. మా మరిది ఇప్పుడు బండి తిప్పుతున్నాడు. హైదరాబాద్ కూడా వెళ్లొస్తున్నాడు. ఈల చప్పుడు లేదు. మా ఆయన కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నారు. మోకాలు ఇంకా సగమే వంగుతుంది.

పాత సామాను అమ్మేవాళ్లను నేను చెడ్డవాళ్లని అనను. వాళ్లే లేకపోతే మాలాంటి వాళ్ల బండ్లు సగం షెడ్లలోనే ఉండిపోతాయి. అయితే బండి విప్పేటప్పుడు దాని ఏడాదీ మోడలూ వాళ్లకు తెలుసు. ఆ బంపర్ లోపలివైపు సుద్దముక్కతో రాసి పెట్టడానికి అరనిమిషం పట్టదు. చీటీ మీద ‘2015 తర్వాతి డిజైర్’ అని రాస్తే చాలు, కొన్నవాడు మోసపోడు. మడ్‌గార్డు సొట్ట తీసే ప్రతి షెడ్డులోనూ ఒక టేపు ఉండాలి. దాని ఖరీదు ఇరవై రూపాయలు.

బంపర్ డబ్బు వెనక్కి ఇవ్వమని మొదటి కొట్టుకు వెళ్లాను. కోసిన ముక్కలు తీసుకుని నేనేం చేసుకోను అన్నాడాయన. ముక్క తిప్పి 16 అంకె చూపించాను, పక్కన ఆర్‌సి మీద 2013 చూపించాను. తేడా వస్తే నాది పూచీ అన్న మాట కూడా గుర్తుచేశాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. ఐదొందలు తీసి బల్ల మీద పెట్టాడు. నేను తీసుకోలేదు. మొత్తం రెండు వేల రెండొందలూ ఇస్తేనే తీసుకుంటానని చెప్పి వచ్చాను. ఈ వారం మా ఆయన కూడా వస్తానంటున్నారు. ఇద్దరం కలిసి వెళ్తాం.